రెండో డ్రమ్ము

మా తమ్ముడు తిప్పేస్వామికి కాయల కుప్పలో చేయి పెట్టి చూసే అలవాటు ఉండేది. కళ్యాణదుర్గంలో గంగాధరప్ప గారి వేరుశనగ మిల్లులో వాడు 1980లో ఇంజనీరుగా చేరాడు. చొక్కా మోచేయి పైకి మడిచి, కుప్పలోకి చేయి దూర్చి, కాసేపు అలాగే నిలబడేవాడు. దూరం నుంచి చూసేవాళ్లకు ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు ఉండేది.

వాడు చదివింది ఇండస్ట్రియల్ ఇంజనీరింగు. మా వైపు అప్పటికి ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. మిషన్లు బాగుచేసే చదువు కాదు, మనుషులూ మిషన్లూ సరుకూ కలిసిన చోట పని ఎలా నడవాలో చూసే చదువు అని నా తోటి ఉపాధ్యాయులకు చెప్పేవాడిని. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వాడికి పెళ్లి కాలేదు. మా ఇంట్లోనే ఉండేవాడు.

మిల్లులో కాయలను మిషన్లో వేసే ముందు నీళ్లు చల్లి, గోనె పట్టాలు కప్పి కొన్ని గంటలు ఉంచుతారు. తడి తగిలిన గింజ కాస్త మెత్తబడి, పొట్టు ఊడేటప్పుడు పగలకుండా వస్తుంది. తడి చాలకపోతే రెండు బద్దలవుతుంది. ఎక్కువైతే బూజు పడుతుంది. గింజకు ఉన్న విలువ బద్దకు లేదు. ఈ నీళ్లు చల్లే పని ఓబులమ్మ, మారెక్క అనే ఇద్దరిది. ఓబులమ్మకు భర్త లేడు. పిల్లలూ, ముసలి అత్తా ఆమె కూలి మీదే ఉన్నారు.

ఆ ఏడు వానలు పడలేదు. మాఘమాసం వచ్చేసరికి బద్దలు బాగా పెరిగాయి. బొంబాయి వ్యాపారి ఒక లారీ సరుకును తిప్పి పంపాడు. గంగాధరప్ప గారు తమ్ముణ్ణి తన గదికి పిలిచారు. ఆదివారం కావడంతో వాడికి అన్నం తీసుకుని వెళ్లిన నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమప్పా ఇంజనీరు, ఆ నీళ్లు చల్లేటోళ్లకు ఒళ్లు బరువైపోయింది. ఇద్దర్నీ తీసేస్తాను. నువ్వొక రిపోర్టు రాసియ్యి. నేను తీసేసినానంటే ఊరంతా నన్ను తిడతాది. ఇంజనీరు రాసినాడంటే గమ్మునుంటారు."

"కారణం తెలీకుండా ఏం రాసేది సావుకారూ?"

"నీ పుస్తకాల్లో లేదా?"

"ఇంత తడికి ఇన్ని బద్దలని ఉండాది. అది సముద్రం పక్క మిల్లులో చూసి రాసింది. ఆడ గాల్లోనే తడి ఉంటాది. ఈడ నిలబడి చూసినోళ్లు లేరు."

"అయితే నువ్వు నిలబడు. ఉగాది దాకా నిలబడు. ఆ పొద్దుకు నువ్వేమీ తేల్చకపోతే వాళ్లిద్దరూ ఇంటికి పోతారు."

ఉగాదికి ఎంతో వ్యవధి లేదు.

తమ్ముడు అందరినీ అడిగాడు. మేస్త్రీ ఈరప్ప కాయ తప్పన్నాడు. "కరువు కాయ ఇది. లోపల గింజ నా మాదిరే బక్కగా ఉండాది. మిషన్లో పడితే ఇరగక ఏం చేస్తాది?" ఓబులమ్మ మిషను తప్పంది. "పండ్లూడిన ముసల్ది నమిలినట్ల నములుతాది అది. దాన్ని అడగరు, మమ్మల్ని అడుగుతారు."

వాడు ఎవరి మాటా కొట్టిపారేయలేదు, ఎవరి మాటా నమ్మలేదు. మొదట మిషను జల్లెడ ఒక్కటే మార్పించి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాడు. బద్దలు తగ్గలేదు. ఆ తర్వాత లావు కాయనూ బక్క కాయనూ వేరు చేయించి విడివిడిగా ఆడించాడు. బక్క కాయలో బద్దలు ఎక్కువే వచ్చాయి. లావు కాయలో కూడా తక్కువేమీ రాలేదు. ఈరప్ప చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, అది చాలదు.

"రెండూ ఒకేసారి మార్చి ఉంటే తొందరగా తేలేది కదరా" అన్నాను భోజనాల దగ్గర.

"తొందరగా అయ్యేదన్నా. దేనివల్ల అయిందో తెలిసేది కాదు."

ఆ వారంలోనే వాడి చేతికి తేడా తెలిసింది. కుప్ప పైన కాయ తడిగా ఉంది. మోచేయి దాకా లోపలికి పోతే పొడిగా ఉంది. గంగాధరప్ప గారి తోట బోరు నుంచి ఎద్దుల బండి మీద వచ్చే నీళ్ల డ్రమ్ము మాత్రం సాయంత్రానికల్లా అడుగంటుతోంది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో కుప్ప చెప్పడం లేదు.

ఒక సాయంత్రం పని వదిలే వేళకు నేను గేటు దగ్గర వాడి కోసం నిలబడ్డాను. వాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్లు బయటికి వస్తున్నారు. పొద్దున సంగటి తెచ్చుకున్న సత్తు గిన్నెలు గుడ్డలో కట్టి చేతుల్లో ఉన్నాయి. తినేసిన గిన్నెను ఎవరైనా ఊపుకుంటూ పోతారు. గింజలు ఏరేవాళ్లు అలాగే పోయారు. ఓబులమ్మా మారెక్కా మాత్రం గిన్నెను రెండు చేతులా పట్టుకుని, నేల చూసుకుంటూ అడుగులు వేస్తున్నారు.

మా స్కూల్లో తాగే నీళ్ల కుండ మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందని, పిల్లలు సీసాల్లో పోసుకుని ఇంటికి తీసుకుపోతున్నారని నేను వాడితో అన్నాను. వాడు వాళ్ల వెనక నడిచాడు. నేనూ నడిచాను.

"ఓబులక్కా, కాయ పైన తడిసి లోపల ఎండే ఉండాది. ఎట్ల?"

"గాలికి ఆరిందేమో చిన్నసారూ."

"గాలికి ఆరేదైతే పైన ఆరాల."

మారెక్క అంది, "చెప్పేయ్ వదినా. గిన్నెను చూసినాక అడుగుతాండాడు. గుడ్డోడు కాదు కదా."

ఓబులమ్మ ఆగింది. "మా వాడ బావి ఎండి శానా దినాలాయె. ఈ గిన్నె ముసల్దానికి. మధ్యాహ్నం ఎనక గోడ మీంద బిందెలు పోతాయి. నేనొక్కదాన్నే తాగేది కాదు, వాడంతా తాగుతాది. పైపైన చల్లి పట్టా కప్పితే సావుకారికి తడిసినట్లే కనపడతాది. ఇప్పుడేమంటావు? దొంగముండని రాస్తావా?"

"ఏం రాయాల్నో ఇంకా తెలీదక్కా. బద్దలకు కారణం అదేనా కాదా అని చూడాల."

"నేనే చెప్తాంటే ఇంకా చూసేదేముండాది?"

"మిషనని కూడా నువ్వే చెప్తివి."

మారెక్క నవ్వింది. ఓబులమ్మ నవ్వలేదు.

ఆ పూట ఇంట్లో నేను వాడికి ఊరుకోమని చెప్పాను. కరువు కాయ అని రాస్తే ఎవరూ కాదనరు, ఇద్దరికీ పని ఉంటుంది. వాడు ఒప్పుకోలేదు. "అట్ల రాస్తే వచ్చే ఏడు కూడా బద్దలు వస్తాయి, అప్పుడు ఇంకెవర్నో తీసేస్తారు. చూసిందే రాస్తే వీళ్లను తీసేసి ఇంకిద్దర్ని పెడతారు. వాళ్లూ ఆ వాడ నుంచే వస్తారు, వాళ్ల బావీ అదే. రెండిట్లో దేనివల్లా గింజ బాగుపడదన్నా" అన్నాడు.

మరునాడు గంగాధరప్ప గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన కేకలు మా స్కూలు దాకా వినిపించాయని ఈరప్ప తర్వాత చెప్పాడు. స్కూలు ఊరి ఆ చివర ఉంది.

"నేను మిల్లు పెట్టినానా, చలివేంద్రం పెట్టినానా?"

"ఉగాది దాకా గడువు ఇచ్చినారు కదా. రెండో డ్రమ్ము తెప్పించండి. ఒకటి కాయకు, ఒకటి ఇండ్లకు. మొదట ఇండ్ల డ్రమ్ము ఓబులమ్మకు మాత్రమే ఇస్తాను. మారెక్కకు ఇప్పుడున్నట్లే. ఎవరి కుప్పలో బద్దలు తగ్గుతాయో చూద్దాం. తగ్గకపోతే మీ రిపోర్టు రాసిస్తాను."

బొంబాయి వ్యాపారి మళ్లీ సరుకు తిప్పి పంపకుండా ఉంటే చాలన్నది గంగాధరప్ప గారి లెక్క. డ్రమ్ము వచ్చింది.

వారం తిరిగేసరికి ఇద్దరి కుప్పల్లోనూ బద్దలు తగ్గాయి. ఇద్దరివీ సమానంగా తగ్గాయి. డ్రమ్ము లేని మారెక్క కుప్ప ఎందుకు బాగుపడిందో తమ్ముడికి అర్థం కాలేదు. నీళ్లు కాదేమో, ఎండ తగ్గిందేమో, తాను రోజూ పక్కన నిలబడటం వల్ల ఇద్దరూ జాగ్రత్తగా చల్లుతున్నారేమో అని అన్ని విధాలా ఆలోచించాడు. చివరికి వెళ్లి మారెక్కనే అడిగాడు.

"ఏమప్పా, చదువుకున్నోడివి" అంది మారెక్క. "వదినింటికి నీళ్లొస్తే మా ఇంటికి రాలేదనుకుంటివా? మా వాడలో డ్రమ్ము ఒకరిదని ఉంటాదా?"

ఒక ఇంట్లో నీళ్లుంటే పక్కింటి కుండ ఎండనివ్వని చోట, ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకుండా చూడటం కుదరదు. వాడు వేసుకున్న పద్ధతిలో ఆ వాడ లేదు. సరిచేయడానికి ఒక్కటే దారి కనిపించింది. ఒక వారం డ్రమ్ము తీసేసి, బద్దలు మళ్లీ పెరుగుతాయేమో చూడాలి. ఓబులమ్మతో ఆ మాట అన్నాడు.

"తీసేయ్" అందామె. "మా బిడ్డలు ఎండితే నీ లెక్క సరిపోతాదంటే తీసేయ్."

వాడు తీయలేదు. డ్రమ్ము రాకముందు తూచి పెట్టుకున్న బద్దలతో, వచ్చిన తర్వాతి బద్దలను పోల్చి రిపోర్టు రాశాడు. నీళ్లు ఇంటికి పోవడం ముఖ్యమైన కారణమనీ, బక్క కాయ కొంత కారణమనీ, డ్రమ్ము తీసి చూడలేదు కాబట్టి ఈ రుజువు పూర్తిది కాదనీ రాశాడు. గంగాధరప్ప గారు ఆ చివరి వాక్యం దగ్గర ఆగారు.

"నీకే పూర్తి నమ్మకం లేదంటావేమప్పా?"

"ఎంత నమ్మచ్చో అంతే రాసినాను సావుకారూ."

"బద్దలు తగ్గినాయా లేదా?"

"తగ్గినాయి."

"అయితే డ్రమ్ముండనీ. ఆ ఇద్దర్నీ ఉండనీ."

ఆ మరుసటేడు హైదరాబాదులో ఇంజనీర్ల సమావేశంలో వాడు ఈ పని గురించి పత్రం చదివాడు. ఇది ఇంజనీరింగా, ధర్మకార్యమా అని ఒక పెద్దాయన అడిగారట. బద్దలు ఎందుకు వస్తున్నాయో కనుక్కోవడం నా పని, కారణం మిల్లు గోడ బయట ఉంటే అక్కడిదాకా పోవాల్సిందే కదా అన్నాడట. రుజువులో లోపం ఉందని ఇంకొకరు అన్నారట. నిజమేనని ఒప్పుకున్నాడట.

1984 శ్రావణంలో వాడికి కామెర్లు వచ్చాయి. అనంతపురం ఆసుపత్రిలో మంచం పక్కన నేను ఉన్నాను. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి, "తీసి చూడాల్సిన పని లేదన్నా. ఇంకోటి పెంచి చూసుంటే సరిపోయేది. అప్పుడు తట్టలేదు" అన్నాడు. దేని గురించో నేను అడగలేదు. తెలుసు. ఆ వారం దాటకుండానే వాడు పోయాడు.

ఈ ఏడు మళ్లీ వానలు లేవు. మిల్లుకు కొత్త ఇంజనీరు వచ్చాడు. మొన్న ఆదివారం తమ్ముడి రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. కాఫీ తాగి, రెండో డ్రమ్ము వల్ల లాభం ఉందని ఇందులో గట్టిగా తేలలేదు, రాసినాయనే ఆ మాట అన్నారు, అందుకని సోమవారం నుంచి ఆపేసి చూద్దామనుకుంటున్నాను అన్నాడు.

రుజువు బలహీనమైనదేనని చెప్పాను. మా తమ్ముడి మాట మీద డ్రమ్ము ఉంచమని నేను అడగననీ, మళ్లీ చూడవలసిందేననీ చెప్పాను. తీసి చూడటానికి బదులు మూడోది పెట్టి చూడవచ్చని చెప్పాను. నీళ్లే కారణమైతే బద్దలు ఇంకా తగ్గాలి. కాకపోతే తగ్గవు. ఫలితం ఎలా వచ్చినా ఎవరి కుండా ఎండదు.

అతను రిపోర్టు పేజీలు తిరగేశాడు. "ఇది రిపోర్టులో లేదే" అన్నాడు.

"లేదు" అన్నాను. "తర్వాత తట్టింది."

సోమవారం స్కూలు వదిలాక మిల్లు వైపు వెళ్లాను. గోడ పక్కన బండి ఆగి ఉంది. మూడు డ్రమ్ములు ఉన్నాయి. లోపల కొత్త ఇంజనీరు చొక్కా చేతిని పైకి మడుచుకుని కుప్ప ముందు వంగి ఉన్నాడు. చేయి మోచేయి దాకా లోపలికి పోయింది.

ఓబులమ్మ చెంబుతో నీళ్లు చల్లడం ఆపి, అతని వైపు చూసి, నా వైపు చూసింది.

"ఇంకా లోపలికి పెట్టమని చెప్పండి అయ్యవారూ" అంది. "చిన్నసారు ఇంకా లోపలికి పెట్టేవాడు."