ఇటా టాల్టీ శ్రుతి తప్పిన రోజు

మా ఊళ్ళో వాయించేవాళ్ళు వీధికి నలుగురున్నారు. వినడం తెలిసినవాళ్ళం మాత్రం మేమే. ఆదివారం చర్చిలో పూజ అవగానే ఫ్లాన్ పబ్బు వెనక గదిలో తొమ్మిదిమందిమి చేరతాం. నల్ల బీరు ముందు పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఒకే రికార్డు వింటున్నాం. మర్టీ కాన్సిడైన్ ఫిడేలు, ఇటా టాల్టీ కాన్సర్టీనా, అంటే రెండు చేతుల మధ్య తిత్తిని ఆడిస్తూ మీటలు నొక్కి వాయించే చిన్న పెట్టె. డెబ్బై నాలుగులో ఇద్దరూ డబ్లిన్ వెళ్ళి రెండు మధ్యాహ్నాల్లో వాయించి వచ్చారు. మళ్ళీ ఆ జోలికి పోలేదు. ఆ రికార్డంటే మేం చెవి కోసుకుంటాం. అందులో మర్టీ కమాను ఫిడేలు కర్రకు ఎక్కడ తగులుతుందో, ఇటా ఎక్కడ ఊపిరి పీలుస్తుందో మాకు కంఠతా వచ్చు. మధ్యలో ఎవడైనా దగ్గాడా, వాడికి ఆ రోజు మూడినట్టే. రికార్డు నాది, దాన్ని తిప్పే యంత్రం నాది, కాబట్టి అక్కడ పెత్తనం కూడా ఈ సెనన్‌దే.

ఆ ఇద్దరూ మా ఊళ్ళోనే ఉండేవాళ్ళు కదా, వాళ్ళనే పిలిచి వాయించమనాల్సింది కదా అని మీరడగొచ్చు. ముసలివాళ్ళయ్యారండీ. రికార్డులో ఉన్న ఆ దూకుడు, ఆ మెరుపు వాళ్ళలో ఏవి? మర్టీ అప్పుడప్పుడు వచ్చి మూల కూర్చునేవాడు. మేం పొగిడితే నేల చూసి నవ్వేవాడు. ఇటా ఒక్కసారే వచ్చింది. మొదటి వైపు పూర్తిగా వింది, తల అడ్డంగా ఊపింది.

“ఇది మా వాయింపు కాదురా సెనన్. మేమెప్పుడూ ఇలా పరుగులు పెట్టలేదు. ఆ కంపెనీవాళ్ళు నిడివి ఎక్కువైందని టేపును వడిగా తిప్పి ఎక్కించారు. శ్రుతి కూడా పైకి పోయింది, వినబడట్లా?”

మాకా వినబడనిది! నాకు ఒళ్ళు మండింది.

“ఏంటి ఇటమ్మా, పడుచుతనంలోని నీ చేతుల్ని చూసి ఇప్పుడు నువ్వే కుళ్ళుకుంటున్నావా?”

గది గదంతా పగలబడి నవ్వింది. ఫ్లాన్ అయితే కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. నా మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్టీని అడిగితే ఆయన అవుననలేదు, కాదనలేదు, ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నాడు. ఇటా మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు. అంత మంచి మాట నా నోట మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని నేను చాన్నాళ్ళు మురిసిపోయాను.

ఈ మార్చిలో మర్టీ పోయాడు. అంత్యక్రియల పూజలో సంగీతం సంగతి నన్ను చూసుకోమంది ఆయన కూతురు ఓర్లా. ఆ కబురు విని, శవాన్ని ఇంట్లో ఉంచిన రోజునే ఇటా నా దగ్గరికొచ్చింది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, చేతిలో ఆరు పలకల కాన్సర్టీనా పెట్టె.

“మర్టీకి మాటిచ్చానురా. ఎవరు ముందు పోతే రెండోవాళ్ళు వాయించి సాగనంపాలని అనుకున్నాం. ఆ నెమ్మది బాణీ ఒక్కటి. నాలుగు నిమిషాలు.”

“నీ వేళ్ళు చూసుకున్నావా ఇటమ్మా? గాల్వే నుంచి, డబ్లిన్ నుంచి జనం దిగుతున్నారు. వాళ్ళు వినాలనుకునేది రికార్డుని. నువ్వు తడబడితే మర్టీ పరువేం కావాలి?”

“తడబడను.”

“సరే, ఒక పని చేద్దాం. అదే బాణీ రికార్డు మీద వేస్తా. నువ్వు దాంతో కలిసి వాయించు. తప్పు పోయినా అది కప్పేస్తుంది.”

అది చాలా పెద్ద మనసు అనుకున్నాను నేను. ఆమె మొహం మాత్రం పాలిపోయింది.

“దాంతో కలవదురా నాయనా! ఫిడేలైతే తీగ బిగించి సరిపెట్టుకోవచ్చు. దీనికి లోపల రేకులు, వాటి శ్రుతి మార్చడానికి లేదు. మీ రికార్డు నా రెండు మీటల మధ్య ఎక్కడో పాడుతోంది. నేనెక్కడ పట్టుకోను దాన్ని?”

“మళ్ళీ మొదలెట్టావూ!”

“నీకు దణ్ణం పెడతా, ఆ ఒక్క బాణీకి రికార్డు వద్దు.”

“వాయిస్తే దాంతో వాయించు. లేదంటే ఊరికే కూర్చో. మీ ఇష్టం అని ఓర్లా నాకే వదిలేసింది.”

ఆమె పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. మర్టీ ఫిడేలును తీసుకొచ్చి పీఠం ముందు పెట్టారు. ఫాదర్ నా వైపు తల ఊపాడు. నేను సూది దించాను. చర్చి నాలుగు మూలలనుంచీ మర్టీ కమాను పలికింది. మొదటి వరసలో ఇటా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాణీ ఒక చుట్టు అయింది. వాయించదులే అనుకున్నాను. ఏమనుకుందో, ఏ ఆశ పుట్టిందో, రెండో చుట్టులో పెట్టె తెరిచింది.

పాలలో నిమ్మకాయ పిండినట్టయింది. మూడు వందల తలలు ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. ఆమె ఆగింది. ఇంకో మీట నొక్కింది, అదీ విరిగింది. దాని పక్కది నొక్కింది. ఆ వేళ్ళు ఆ మీటల మీద ఎక్కడా లేనిదాని కోసం వెతుక్కున్నాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఓర్లా లేచి వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి మూసింది.

“చాల్లే అమ్మా, అలిసిపోయావు.”

నేనేం చేశానో తెలుసా? రికార్డు గొంతు ఇంకాస్త పెంచాను.

పూజ అయ్యాక గుమ్మం దగ్గర జనం వరస కట్టి ఇటా చెయ్యి పట్టుకున్నారు. గాల్వే నుంచి వచ్చిన ఒకావిడ ఏడుస్తూ అంది, “ఎంత గొప్పగా వాయించారమ్మా ఇవాళ! జన్మ ధన్యమైంది.”

“నేను వాయించలేదమ్మా.”

“అయ్యో, రికార్డులో ఉన్నది మీరే కదా!”

మావాళ్ళు ఇంకో రెండడుగులు ముందుకేశారు. ఫ్లాన్ ఆమె పక్కనే నిలబడి, ఆమె చెవిటిదైనట్టు నాతో అన్నాడు, “వేళ్ళు పోయాయంటే సరే, వయసు. చెవి కూడా పోయిందేంట్రా పాపం!” నేను అవునన్నట్టు తలాడించాను. సమాధి దగ్గర కూడా ఎవరో ఒకరు వాయించడం మా ఆనవాయితీ. ఇటా వానలో పెట్టె పట్టుకుని మట్టి పోసేదాకా నించుంది. నా వైపు రెండుసార్లు చూసింది. నేను గొడుగు సర్దుకున్నాను. తర్వాత అందరం హామ్ శాండ్‌విచ్‌లు తినడానికి వెళ్ళాం.

మూడు వారాలకు ఆమె పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“నీ దగ్గరుంచు. చెవి ఉన్నవాడివి.”

నాకు వాయించడం రాదు. అయినా పొంగిపోయాను. ఆ మధ్యాహ్నం రికార్డు పెట్టి, చివర మర్టీ పొడుగ్గా లాగిన స్వరం దగ్గర సరదాగా ఒక మీట నొక్కాను. చర్చిలో విన్న అదే పులుపు. పక్క మీట, ఆ పక్క మీట, అన్నీ అంతే. పెట్టె పాడైందనుకుని ఫ్లాన్ పబ్బుకు తీసుకెళ్ళాను. అక్కడి పియానోకు కిందటి వారమే శ్రుతి చేయించారు. పెట్టె దాంతో చక్కగా కలిసింది. అంటే తేడా పెట్టెలో లేదు, రికార్డులోనే ఉంది.

ఇంటికొచ్చి యంత్రానికి ఉన్న వేగం మీట మీద చెయ్యి వేశాను. కొన్న రోజు నుంచీ దాన్ని ముట్టుకోవడం పాపం అనుకున్నవాణ్ణి. కొంచెం తగ్గించాను, ఇంకొంచెం. ఒకచోట రికార్డు స్వరం, పెట్టె స్వరం ఒక్కటయ్యాయి. సూది మళ్ళీ మొదట పెట్టాను. అది వేరే సంగీతం. మర్టీకి తొందర లేదు. ఇటా ఆయన కోసం ఆగుతోంది, ఆయన వచ్చాక కదులుతోంది. దూకుడనీ మెరుపనీ మేం ఇన్నాళ్ళూ ఊగిపోయింది ఎవడో టేపు తిప్పిన వేగానికి. ఆ ఇద్దర్నీ నేను అంతకుముందు ఒక్కసారి కూడా వినలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే పెట్టె పట్టుకుని ఇటా ఇంటికి పరిగెత్తాను. ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. చెప్పాల్సిన మాట దారంతా నాలుక మీద పెట్టుకునే వచ్చాను.

“ఎందుకు తెచ్చావురా?”

“ఒక్కసారి వాయించు ఇటమ్మా.”

“ఇంకా ఎందుకు? నువ్వన్నదే నిజం. ఒకరిద్దరు కాదు, అంతమంది తప్పు వింటారా? ఇన్నేళ్ళు రికార్డుని ఆడిపోసుకున్నా. చెవి పోయింది నాకేనని చర్చిలో తెలిసొచ్చింది. మర్టీకి ముందే తెలిసి ఉంటుంది. నన్ను నొప్పించలేక నవ్వి ఊరుకున్నాడు.” చాకు పక్కన పెట్టి నా కళ్ళలోకి చూసింది. “నిజం చెప్పు సెనన్. నేను వాయించింది అంత ఘోరంగా ఉందా? ఆయన్ని అలా పంపించానా?”

నోరు తెరిచాను. ఆదివారం వెనక గది గుర్తొచ్చింది. ఫ్లాన్ నవ్వు, తొమ్మిదిమంది మొహాలు, ఊరంతా తిరిగిన నా మాట.

“లేదమ్మా,” అన్నాను. “మరీ అంత ఘోరంగా ఏం లేదులే. ఎవరూ పట్టించుకోలేదు.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. “మంచివాడివిరా నువ్వు,” అంటూ నాకు టీ పోసింది. కూర్చుని తాగాను.