కాల్ బుక్కులో ఆఖరి గీత

పొద్దున్న ఎనిమిది కొట్టేసరికి గణపతిరావు సైకిలు ట్రాఫిక్ అని పిలిచే రైల్వే క్వార్టర్ల సందులోంచి బయటపడేది. సైకిలు హేండిల్‌కి గుడ్డ సంచి, సంచిలో ఎర్ర అట్ట పుస్తకం, జేబులో సిరా పెన్ను, మొహానికి మాస్కు, మాస్కు మీద ఇంకో మాస్కు. రెండు మాస్కుల వెనక నుంచి ఆయన పేరుపెట్టి పిలిస్తే, ఎవర్ని పిలిచాడో వాడితో పాటు నాలుగిళ్ల అవతల కుక్క కూడా లేచి ఒళ్లు దులుపుకునేది. ముప్పై నాలుగేళ్లు అదే ఉద్యోగం మరి.

రైల్వేలో ఆయన కాల్ మేన్. బండి బయల్దేరడానికి రెండు గంటల ముందు డ్రైవరు ఇంటికి వెళ్లి, లేపి, ఫలానా బండికి డ్యూటీ అని చెప్పి, కాల్ బుక్కులో సంతకం పెట్టించుకోవాలి. తర్వాత మెసేజీలు వచ్చాయి, కాల్ మేన్లు పోయారు. సగం పేజీలు మిగిలిపోయిన చివరి పుస్తకాన్ని ఆఫీసు వాళ్లు అడగలేదు, ఈయన ఇవ్వలేదు.

ఆ పుస్తకానికి ఒక అలవాటుంది. డ్యూటీకి రాబోయే మనిషి సంతకమే అందులో పడుతుంది. రానివాడు ఎంత నొక్కి పెట్టినా కాగితానికి సిరా పట్టదు. నిబ్బు దిగిన గుంట కనిపిస్తుంది, రంగు కనిపించదు.

విల్‌ఫ్రెడ్ అనే గూడ్సు డ్రైవరు ఒకసారి దీని సంగతి తేల్చేద్దామనుకున్నాడు. సంతకం పడకపోతే రేషను షాపు నుంచి ఇంకు పేడ్ తెప్పించి బొటనవేలు గుద్దాడు. వేలు వారం రోజులు నీలంగా ఉంది, కాగితం మాత్రం తెల్లగానే ఉంది. గణపతిరావు పక్క వీధిలో ఇంకో డ్రైవరుని లేపడానికి వెళ్లిపోయాడు. విల్‌ఫ్రెడ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఏం రాబోతోందో అని కూర్చున్నాడు. గంటన్నరకి లోపల భార్యకి నొప్పులు మొదలయ్యాయి. "ఓస్, ఇదేనేటి!" అని కుర్చీ తీసి లోపల పెట్టాడు. సంతకం పడనివాళ్లు అలా కుర్చీ వేసుకోవడం ట్రాఫిక్‌లో మామూలే. జ్వరమో, చుట్టాలో, పైకప్పు పెచ్చో, ఏదో ఒకటి వచ్చేది. వచ్చాక కుర్చీ లోపలికి పోయేది.

ఇప్పుడీ పుస్తకం పట్టుకుని ఆయన బడి పిల్లల్ని లేపుతున్నాడంటే, ఆ పాపం పక్కింటి సుచరితది.

సుచరిత తెలుగు బడిలో పదో తరగతి టీచరు. బడికి తాళం పడి ఏడాది దాటింది. పదింటికి ఫోను ముందు కూర్చుని పదిహేడు పేర్లు పిలిస్తే నలుగురు పలికేవారు. ఆ నలుగురిలో బుజ్జిబాబు ఒకడు. వాడు "ప్రెజెంట్ మేడమ్" అని ఫోనుని దిండు మీద పడుకోబెట్టి, పక్కనే తనూ పడుకునేవాడు. ఒకరోజు త్రికోణాల మధ్యలో వాడి గురక మిగతా ముగ్గురికీ వినిపించింది. సుచరిత ఆ సాయంత్రం గోడ మీంచి తొంగిచూసి అడిగింది.

"బాబాయి గారూ, మీ పుస్తకం పిల్లలకి పనిచేస్తుందా?"

"డ్యూటీ అయితే పనిచేస్తాది తల్లీ. సదువు డ్యూటీయేనా?"

"వాళ్లకి కాదు. నాకు."

ఒక్కొక్కరికి ఒక్కో పేజీ ఇచ్చారు. పేజీకి నలభై గీతలు, రోజుకొక గీత. ఆదివారం కూడా వదల్లేదు సుచరిత, చర్చికే తాళం వేశారు కదా అని. పుస్తకం నాలుగు రోజుల్లోనే పిల్లల్ని చదివేసింది. వచ్చి వినేవాళ్ల సంతకం నల్లగా పడేది. రానివాళ్లది పడేది కాదు. బుజ్జిబాబుది మాత్రం గంజిలో వేలు ముంచి రాసినట్టు పడేది. "ఈ రంగు నా సర్వీసులో సూడలేదురా" అన్నాడు గణపతిరావు. "అంటే స్పెషలా తాతా?" అని వాడు మురిసిపోయాడు.

మే నెల సగానికొచ్చేసరికి పేజీలు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. ఒకడు తండ్రితో కూరగాయల బండి తొయ్యడానికి పోయాడు. ఒకమ్మాయి వాళ్లు సామాను కట్టుకుని శ్రీకాకుళం వెళ్లిపోయారు. ఒకడింట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న చేతిలో ఉండేది, ఆ అన్న దాన్లో యుద్ధాలు చేస్తుండేవాడు. తెల్ల పేజీ చూసి గణపతిరావు సైకిలు ఎక్కి ఇంకో గుమ్మానికి పోయేవాడు. అన్నిటికంటే తెల్లటి పేజీ నిమ్‌పురాలో ఉండే ఏంజలిన్‌ది. మొదటి రోజు నుంచి ఒక్క సంతకం పడలేదు.

ఏంజలిన్ తల్లి ఆలిస్ జ్వరాల వార్డులో ఆయా. తండ్రి లేడు. గోడమీది ఫోటోలో కూడా భుజం వరకే ఉన్నాడు, మిగతాది ఫ్రేములో పట్టలేదు. ఇంట్లో ఒకే ఫోను, అది పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆలిస్‌తో డ్యూటీకి వెళ్లి రాత్రికి తిరిగొచ్చేది. వార్డులోకి ఇంటివాళ్లని రానివ్వరు. కాబట్టి మంచం మంచానికీ తిరిగి, ఆ ఫోనులోనే రోగులని వాళ్లవాళ్లకి చూపించేది ఆలిస్. "మీ నాన్న గంజి తాగినాడు, సూడు" అని ఒకరికి, "మీ ఆవిడ నా మీద కోప్పడతాంది, బానే ఉన్నాది" అని ఇంకొకరికి.

ఏంజలిన్ ఆ పేజీ మీద ఇరవై రెండు రోజులు సంతకం పెట్టింది. కింద ఒక వంకర గీత, ఆ గీత చివర ఒక పిట్ట. పడదని తెలిసీ పిట్టకి ముక్కు మానలేదు.

"పడనిదానికి ఇంత సింగారమేటే?" అనేవాడు గణపతిరావు.

"పడిన రోజున సెయ్యి వణక్కుండా ప్రాక్టీసు తాతా."

నెలాఖరు లోపు ఒక్కసారైనా క్లాసులో కనిపించని వాళ్ల పేర్లు పరీక్ష ఫారాల్లోంచి తీసేస్తామని బడి నుంచి కబురొచ్చింది. ఇంకా రెండు రోజులే ఉన్నాయి. పూరీ గేట్ దగ్గర ఒక బట్టల కొట్టులో, తెరిచాక పిల్లని పంపమని ఎవరో ముందే చెప్పి ఉంచారు. ఆలిస్ ఆ మాట ఎత్తనిచ్చేది కాదు. "పదో క్లాసు లేకపోతే రైల్వేలో సీపురు కూడా సేతికియ్యరు. నా బిడ్డ సీర్లు మడతపెట్టదు" అనేది. అని, ఫోను జాకెట్లో పెట్టుకుని డ్యూటీకి పోయేది. ఇంకేం చేస్తుంది? వార్డు మానేస్తే నెలకి బియ్యం లేవు. ఇంకో ఫోను మాట ఆ ఇంట్లో పండగ కబుర్లలో కూడా రాలేదు.

ఆ రోజు గురువారం. గణపతిరావు గుమ్మంలో నిలబడి, "ఏంజలిన్! పదింటి క్లాసుకి కాల్!" అన్నాడు. వీధి కుక్క లేచింది. ఏంజలిన్ నోట్లో బ్రష్షుతోనే వచ్చి సంతకం పెట్టింది.

పడింది.

కాటుక పెట్టినట్టు పడింది. పిట్ట ముక్కుతో సహా.

"అమ్మా! పడినాదే! అమ్మా!" నురగ చొక్కా మీద కారుతున్నా చూసుకోకుండా గెంతింది. "తాతా, సూడు! ఎంత నల్లగా ఉన్నాదో!"

గణపతిరావు గెంతలేదు. లోపల అద్దం ముందు బేడ్జీ పిన్ను పెట్టుకుంటున్న ఆలిస్ చెయ్యి ఆగిపోయింది. ముసలాయన ఆమెనీ, ఆమె ఆయన్నీ చూసుకున్నారు.

"ఫోను ఇంట్లో ఉంటాదన్నమాట" అంది ఆలిస్.

"అలాగే ఉన్నాది మరి."

"ఏది మావయ్యా, ఓపాలి ఇలాగియ్యి."

"నీకెందుకే? నువ్వు బడి పిల్లవేటి?"

"డ్యూటీకి పిలిస్తే పడతాదన్నావు కదా. నాది మాత్రం డ్యూటీ కాదేటి? పిలు."

గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. ఈసారి కుక్క లేవలేదు. "ఆలిస్. తొమ్మిదింటి వార్డు డ్యూటీకి కాల్."

ఆలిస్ పుస్తకం వెనక అట్ట లోపలి కాగితం మీద తన పేరు రాసింది. నిబ్బు గుంట పడింది. అంతే. ఆమె దాన్ని వెలుతురులోకి తిప్పి, వేలితో తడిమి, నవ్వింది.

"ఏడాదిగా అడిగినా ఇయ్యలేదు లీవు. ఈ పుస్తకం ఇచ్చినాది, ఠీక్ హై." బేడ్జీ తీసి మేకుకి తగిలించింది. మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకుని కూర్చుంది. నిన్నటి నుంచీ ఒళ్లు నొప్పులుగా ఉందని అప్పుడు చెప్పింది, పాల ప్యాకెట్ తేవడం మర్చిపోయానన్నంత తేలిగ్గా.

ఏంజలిన్ నోట్లోంచి బ్రష్షు తీసింది. పుస్తకం వంక చూసింది. చొక్కా అంచుతో ఆ నల్ల పిట్టని తుడవబోయింది. అది చెరగలేదు.

"తుడవకే. పడినాది పడినాది" అంది ఆలిస్. "ఇదిగో ఫోను. లాకు తెలుసుగా, నీ పుట్టినరోజే. వార్డు నుంచి ఫోనొస్తే జ్వరమని సెప్పు. నన్ను తీస్కెల్లినా ఇది నీ దగ్గిరే ఉంచు. నన్ను సూపించడానికి అక్కడ ఇంకో ఆయా ఉన్నాదిలే, దాని ఫోను నాదానికంటే మంచిది. నేను అందంగా కనిపిస్తాను."

"అమ్మా, ఊరుకో."

"క్లాసులో నోరు తెరు. ఇరవై రెండు రోజులు పిట్టలు గీసినావు, ఇంకేటి సేసినావు?"

ఏంజలిన్ నేలమీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, రేపటి గీత మీద సంతకం పెట్టింది. అలా ముందు తేదీలకి పెట్టించడం రూలు కాదు. గణపతిరావు రూలు మాట ఎత్తలేదు. రేపటిది నల్లగా పడింది. ఎల్లుండిది నల్లగా పడింది. అమ్మ డ్యూటీకెళ్లే రోజు ఫోను వెళ్లిపోతుంది, ఆ రోజు గీత మీద సిరా పట్టదు. ఆ తెల్ల గీత ఎక్కడుందో దొరికితే చాలు. అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు ఆ పిల్లకి.

"ఎన్నోదే?" కుర్చీలోంచి అడిగింది ఆలిస్.

"ఆరు."

"నల్లగానే ఉన్నాదా?"

"ఊఁ."

"ఉంటాది. పద్నాలుగు రోజులు ఇంట్లో ఉండమంటారు కదా, ఎవరికైనా అంతే. పదిహేనోది సూడు."

తొమ్మిది. పది. ఏంజలిన్ పిట్ట మానేసింది. గీత మానేసింది. పదకొండోది ఎడమ చేత్తో పెట్టింది. పన్నెండోది నిబ్బు తాకీ తాకకుండా పెట్టింది. పడింది. పదమూడు. పద్నాలుగు. ఆలిస్ అటువైపు తిరిగి, రోడ్డు మీద పోయే ఎవరినో చూస్తున్నట్టు కూర్చుంది. రోడ్డు మీద ఎవరూ లేరు. నిమ్‌పురా యార్డులో ఏదో ఇంజను ఒకసారి కూతవేసి ఊరుకుంది.

పదిహేనో గీత మీద ఏంజలిన్ తన పేరు నెమ్మదిగా, చిన్నప్పుడు పలక మీద దిద్దినట్టు రాసింది.

"పదిహేనోది?" అంది ఆలిస్, తిరక్కుండా.

ఏంజలిన్ కాగితం వంక చాలాసేపు చూసింది.

"పడలేదమ్మా. తెల్లగా ఉన్నాది."

"సూసినావా!" ఆలిస్ కుర్చీ కిర్రుమంది. "మరదే. పదిహేనో రోజుకి బేడ్జీ పెట్టుకుని ఎల్లిపోతాను. అంతలో నువ్వు తెగ సదివేసి టీచరమ్మ కళ్లల్లో పడిపో."

గణపతిరావు వంగి పేజీ చూశాడు. కాటుకలా మెరుస్తున్న పదిహేనో సంతకం మీద, ఆరాలని, మెల్లిగా ఊదాడు. పుస్తకం అడగలేదు. "సాయంత్రం వచ్చి తీస్కుంటాన్లే" అని సైకిలెక్కాడు. నాలుగడుగులు పోయాక దిగి, తోసుకుంటూ నడిచాడు.

పదహారోది పడింది. పదిహేడోది పడింది. ఎవరైనా పాత ఫోను ఇస్తారేమో, అందుకే పడుతోందేమో అనుకుంది ఏంజలిన్. ఎవరిస్తారా అని ట్రాఫిక్ నుంచి పూరీ గేట్ వరకూ తెలిసిన ఇళ్లన్నీ మనసులో ఒకసారి తిరిగొచ్చింది. పేజీలో ఇంకొక్క గీతే మిగిలింది. పెన్ను మూత పెట్టేసింది.

పదింటికి ఫోను వెలిగింది. సుచరిత ఈవేళ ఐదుగుర్ని చూసి కళ్లజోడు తుడుచుకుంది.

"ఏంజలిన్! నువ్వేనా? బుజ్జిబాబూ, దిండు మీంచి లేచి చూడరా, ఎవరొచ్చారో!"

"సూసినాను మేడమ్" అన్నాడు బుజ్జిబాబు, నిజంగానే లేచి. "ఏటే, ఫోను కొన్నారేటి?"

ఏంజలిన్ తల అడ్డంగా ఊపింది.

"పోనీలే, నీ పేరు ఫారంలో ఎక్కిపోయినట్టే" అంది సుచరిత. ఆవిడ గొంతు ఎంత సంతోషంగా ఉందంటే, మిగతా నలుగురూ చప్పట్లు కొట్టారు. "రేపు కూడా వస్తావా తల్లీ?"

గుమ్మంలో ఆలిస్ దగ్గింది. కుర్చీని కొంచెం ఎండలోకి జరుపుకుంది, చలేస్తున్నట్టు. మే నెల ఎండ.

"వస్తాను మేడమ్."

"ఎల్లుండి?"

"రోజూ వస్తాను" అంది ఏంజలిన్.

ఫోనుని పుస్తకానికే ఆనించి నిలబెట్టింది. పేజీ తెరిచే ఉంది. అట్టడుగున ఒక్క గీత మీద నల్ల సిరా లేదు, నిబ్బు గుంటా లేదు. క్లాసు అయ్యేవరకూ ఆ పిల్ల పాఠం వింటూనే, బొటనవేలితో ఆ గీతని మూసి పెట్టుకుని కూర్చుంది.