ఎర్ర కారు, పాత కారు

వీరభద్రానికి కార్లంటే ప్రాణం. అరటితోట మీద వచ్చిందంతా వాటికే పోసేవాడు. ఏటిగట్టు పక్కన అతని షెడ్డులో రెండుండేవి. ఒకటి పాతకాలపు విదేశీ కారు, రెండోది కిందటేడు కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారు.

ఆ ఆగస్టులో గోదావరి పొంగి గట్టు తెగింది. చూస్తుండగానే షెడ్డులోకి నీళ్లొచ్చేశాయి. షెడ్డును ఆనుకున్న ఇంట్లో అతని ముసలి తల్లికి ఆయాసం ఎక్కువైంది.

"ఎర్ర కారులో ఇద్దరికే చోటు కదండీ. అత్తయ్యగారిని తీసుకుని మీరెళ్లిపోండి. నేను అటకెక్కుతాను," అంది భార్య కనకవల్లి.

ఎర్ర కారు తాళం తిప్పగానే కదులుతుంది. పాతదాని మీద నమ్మకం లేదు, కానీ అందులో ముగ్గురూ పడతారు.

"నిన్నొదిలి ఎలా వెళ్తాను, కనకం?" అంటూ తల్లిని పాత కారు వెనక సీట్లోనే పడుకోబెట్టి, భార్యను ముందు ఎక్కించాడు. తాళం తిప్పితే మూలిగి ఆగిపోయింది. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. భీమేశ్వరుడికి దణ్ణం పెట్టుకుంటూ తిప్పుతూనే ఉన్నాడు. చివరికి ఇంజను దగ్గుతూ లేచింది.

మెరక మీదున్న హైవే ఎక్కాక వెనక్కి చూస్తే షెడ్డు కప్పు తప్ప ఏమీ కనపడలేదు. వెనక సీట్లో తల్లి ఊపిరి తీసుకుంటూనే ఉంది. అయినా అతనికి ఎర్ర కారు కోసం ఏడుపొచ్చింది. ఆ ఏడుపు భార్య చూస్తుందేమోనని మొహం తిప్పుకున్నాడు.