హులిగమ్మ కట్టిన ముడులు

హులిగమ్మకు ఆరేళ్ల వయసులో అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. చేతులు మాత్రం మహా చురుకు. నులక మంచాలు అల్లడంలో ఎమ్మిగనూరులో ఆమెకు పేరుంది. 1979 నాటికి ఆదోని నుంచి కూడా పిలుపులు వస్తుంటే, పొద్దున బస్సులో పోయి సాయంత్రం తిరిగి వచ్చేది.

ఒకరోజు ఇంటికి పోదామని ఆదోని బస్టాండులో ఎవరో చూపిన బస్సెక్కింది. దిగితే కౌతాళం. చుట్టూ కన్నడ మాటలు. మరునాడు మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరలేదు.

మరుసటి వారం ఆదోనిలో దిగేసరికి పెయింటు వాసన తగిలింది. బోర్డులు రాసే ఖాసిం సాబ్ బస్టాండు స్తంభాల మీద ఊర్ల పేర్లు రాస్తున్నాడు.

"ఇంక ఎవర్నీ అడగబన్లేదక్కా. ఏ బస్సు యాడ నిలబడతాదో అంతా రాసినా."

"సూపున్నోళ్లకు రాసినావు సాబూ. మరి నాకో?"

ఖాసిం సాబ్ నాలుగు రోజులు కూర్చుని చెక్కతో అక్షరాలు కోసి, స్తంభాలకు కొట్టి, సంబరంగా ఆమె చెయ్యి పట్టుకుని చూపించాడు. ఆమె మునివేళ్ల మీద లేచి తడిమింది.

"నేను బడికి పోలేదు సాబూ. ఈ వంకరలు నాకేం తెలుస్తాయి? ఇంత ఎత్తున పెడితే సెయ్యెట్ల అందుతాది? ముందే నన్నడిగింటే నీకింత పని తప్పేది గదా!"

అతని ముఖం చిన్నబోయింది. అయినా అడిగాడు. "ఎట్ల సేయాలో నువ్వే సెప్పక్కా."

ఆమె సంచిలోంచి నులక తీసింది. చెయ్యి అందేంత ఎత్తులో స్తంభం చుట్టూ బిగించి ఒక ముడి వేసింది. అది ఎమ్మిగనూరు. పక్క స్తంభానికి రెండు ముడులు, కర్నూలు. ఆ పక్కదానికి మూడు, కౌతాళం.

బస్టాండు కంట్రోలరు వచ్చి చూశాడు. "స్తంభాలకు ఈ తాళ్లేంది? విప్పేయండి."

"ఒక్కసారి పరీక్ష పెట్టు సారూ. తప్పితే నేనే విప్పేస్తా" అంది హులిగమ్మ.

ఆయన ఆమెను గేటు దగ్గరికి తీసుకుపోయి, రెండుసార్లు గిర్రున తిప్పి వదిలాడు. "కౌతాళం బస్సు యాడ?"

జనం చుట్టూ మూగారు. ఆమె కర్ర తాటిస్తూ నడిచింది. ఒక స్తంభం తడిమి వదిలేసింది. ఇంకోటీ వదిలేసింది. మూడోదాని మీద చెయ్యి ఆనించి నిలబడింది. "ఈడ!"

బస్టాండంతా చప్పట్లు. గోనెగండ్ల నుంచి కూలికి వచ్చిన మద్దమ్మ ముందుకొచ్చింది. "సారూ, నాకు కండ్లుండాయి గానీ సదువు రాదు. నాకు గూడా ఈ ముడులే తెలుస్తాయి. ఉండనీ సారూ."

కంట్రోలరు నవ్వేశాడు. మిగిలిన స్తంభాలకూ కట్టమని తనే నులక తెప్పించాడు.

ఆ మాట ఎమ్మిగనూరు చేరింది. అక్కడి బస్టాండువాళ్లు హులిగమ్మను పిలిచి, ఏమేం చేయాలో చెప్పమన్నారు.

"నాకు తెలిసింది ముడులే. ఈడ మెట్లెక్కలేనోళ్ల బాధ నాకేం తెలుస్తాది? ప్రభుదాసన్నను అడగండి."

ప్రభుదాసు గడియారాలు బాగుచేస్తాడు. పోలియో వల్ల మూడు చక్రాల బండే అతని కాళ్లు. ఇన్నేళ్లూ మెట్ల కింద ఎండలోనే బస్సు కోసం కాచుకునేవాడు. మెట్ల పక్కన బండి ఎక్కేందుకు కట్టే దారికి వాలు ఎంతుండాలో అతను సుద్దముక్కతో గీసి చూపించాడు. మేస్త్రీ కట్టింది నిటారుగా ఉందని ఒప్పుకోక, పగలగొట్టించి మళ్లీ కట్టించాడు.

సిమెంటు ఆరిన రోజు ప్రభుదాసు దాని మీదికి చక్రాలు తిప్పాడు. పక్కనుంచి బండి పైకి పోతున్న చప్పుడు విని హులిగమ్మ కేకేసింది.

"ఎక్కినావా అన్నా?"

"ఎక్కినా సెల్లీ! ఎవురూ తొయ్యలేదు, నేనే ఎక్కినా!"