మచ్చ కనబడక ముందే

బీన్స్ ఈనెలు తీస్తున్నా ఆమె చూపు గడియారం మీదే ఉంది.

"ఆదివారం కూడానా? మొక్కలకేమన్నా కాళ్లొచ్చి పారిపోతాయా?" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. "మధ్యాహ్నం పెద్దక్కా వాళ్లూ వస్తున్నారు. నువ్వు లేకపోతే ఏం బాగుంటుంది?"

పారిపోవు, మహానుభావా! కానీ ఈరోజు రైతుల సమావేశం. పదకొండేళ్లుగా మొక్కల తెగుళ్ల పరిశోధనశాలలో ట్రేలు కడిగిందీ, ఆకు ఆకునీ తిప్పి తెగులు మచ్చలు లెక్కపెట్టిందీ ఆమె. మట్టిలోని బ్యాక్టీరియా నుంచి తీసిన పదార్థాన్ని చల్లితే టమాటా మొక్క తనంతట తానే తెగులుకు ఎదురు నిలుస్తుందని మొదట పట్టుకున్నదీ ఆమే. పెద్ద సైంటిస్టు మాత్రం "చేతులు నీవి, బుర్ర నాది" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఛీ, ఎందుకు నవ్విందో! ఇంట్లో ఆడపడుచు "మా వదినకి మట్టి పిసికే ఉద్యోగం" అన్నప్పుడూ ఇలాగే నవ్వింది.

"కూర తరిగి పెట్టాను. వండుకోండి," అని చెప్పులేసుకుంది.

హాలు నిండా రైతులు. "నువ్వు టీ సంగతి చూడమ్మా, మాట్లాడేది నేను చూసుకుంటా," అని పెద్ద సైంటిస్టు మైకు అందుకున్నాడు. "ఆకు మీద మచ్చ కనబడగానే ఈ మందు చల్లండి. తెగులు చచ్చి ఊరుకుంటుంది."

టీ ట్రే పట్టుకొస్తున్న ఆమె అక్కడే ఆగిపోయింది. ఇది తెగులును చంపదు! గాజు పళ్లెంలో ఈ పదార్థం పోసి తెగులు తెచ్చే బూజు వేస్తే, అది హాయిగా పెరిగింది. ఆ సంగతి నెల కిందటే రాసిచ్చింది, ఆయన తిప్పి చూస్తేగా! ఇది మొక్కను ముందుగా మేలుకొలుపుతుంది, అంతే. మచ్చ పడ్డాక చల్లితే నీళ్లు చల్లినట్టే. పంట మొత్తం పోతుంది. ముందు వరసలో ఒక రైతమ్మ ఆయన చెప్పిన మాటే శ్రద్ధగా రాసుకుంటోంది.

ఆమె టీ ట్రే బల్ల మీద పెట్టి, నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

"ఇప్పుడు కాదు, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడాయన పంటి బిగువున.

తర్వాత! ఎన్నేళ్ల తర్వాత? ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది.

"రాసుకున్నది కొట్టేయండమ్మా," అంది ఆ రైతమ్మతో. "ఈ పని చేసింది నేను. నేను చెప్తాను."