తాతకి తేజ కాయ

మిర్చి కళ్లంలో తాలు కాయలు ఏరుతున్న నాయనమ్మ అమీర్‌బీ పక్కన సైమా చతికిలబడింది. ఇంగ్లీషు టీచరు ‘డిస్క్రైబ్’ అనే మాట నేర్పి, ఇంట్లో ఒకరిని డిస్క్రైబ్ చేసి రమ్మంది.

“అంటే ఏం చెయ్యాలే?”

“మనిషి ఎలాంటివాడో ఉన్నదున్నట్టు చెప్పాలి.”

“ఓసినీ, అంతేనా! మీ తాత బ్యాడిగి కాయ. పైకి ఎర్రగా నిగనిగలాడతాడు గానీ, కొరికితే కారమే ఉండదు.”

పక్కనే గోతాం కుడుతున్న సిలార్ తాత సూది ఆపాడు. సైమా పకపకా నవ్వింది. “తాతా, ఇప్పుడు నువ్వు నాయనమ్మని డిస్క్రైబ్ చెయ్యి!”

“తేజ కాయమ్మా. చూడ్డానికి ఇంతే ఉంటది. నిఖా అయిన కాడ్నించీ కళ్లు తుడుచుకుంటానే ఉన్నా.”

అమీర్‌బీ గుప్పెడు మిరపకాయలు ఆయన మీదికి విసిరింది. తాత ఫెళ్లున తుమ్మి, తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ నవ్వాడు.

“రాసుకోమ్మా. రుజువు కూడా ఇచ్చింది.”