తప్పేమీ లేదు

రెండింటిలో ఏది వాడాలో సాయంత్రంలోగా తేల్చమని అతనికి చెప్పాడు మేనేజరు. కంటి ఆసుపత్రి వెబ్‌సైటు అది. రోగులు డాక్టరు దగ్గరికి ఏ రోజు రావాలో క్యాలెండర్లో ఎంచుకోవాలి. అలాంటి క్యాలెండరును మొదట్నుంచీ రాసుకునే ఓపిక ఎవరికుంటుంది? ఎవరో రాసిపెట్టిన కోడ్‌ని, జావాస్క్రిప్ట్ లైబ్రరీ అంటారు దాన్ని, తెచ్చి తగిలించుకుంటారు. ఒకటి పెద్దది, దాని వెనక ఓ కంపెనీయే ఉంది. రెండోది చిన్నది, దాని వెనక ఒకే ఒక్క మనిషి.

ఆ ఒక్క మనిషితోనే అతనికి మాటలు. ఎప్పుడో దాన్లో ఒక తప్పు దొరికి, తప్పులు తెలిపే పేజీలో రాస్తే, ఆయన వెంటనే సరిచేసి, పేరు చూసి గుర్తుపట్టి, "దొరికారండీ, మనవాళ్లే!" అని తెలుగులో జవాబిచ్చాడు. అప్పట్నుంచి అతను తప్పుల కోసం వెతకసాగాడు. దొరకనప్పుడు కల్పించాడు. గీత పిసరంత పక్కకి జరిగిందని, రంగు వెలిసినట్టుందని. అన్నిటికీ జవాబొచ్చేది. చివర్లో వాన పడుతోందనో, పాపకి పళ్లొస్తున్నాయనో ఓ ముక్క ఉండేది. గదిలో ఒక్కడే తింటూ ఆ ముక్కే మళ్లీ మళ్లీ చదువుకునేవాడు.

"ఏం తమ్ముడూ, ఇంకా నానుస్తూనే ఉన్నావా?" పక్క సీట్లో డిజైన్లు గీసే అక్క కుర్చీ ఇటు తిప్పింది.

"చిన్నది తేలికక్కా. చకచకా తెరుచుకుంటుంది."

"తెరుచుకుంటుందిలే. చూపు ఆననివాళ్లు ఎలా వాడతారో చూశావా? వచ్చేది కంటి ఆసుపత్రికి నాయనా!"

చూడలేదు. చూడాలని తెలిసే చూడలేదు.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి, కళ్లు మూసుకున్నాడు. పెద్దదాన్లో మీట నొక్కినప్పుడల్లా ఓ గొంతు వారం, తేదీ, ఖాళీ ఉందో లేదో చెప్పింది. చిన్నదాన్లో, "బటన్. బటన్. బటన్." చీకటి వరండాలో ఏ పేరూ లేని తలుపులు తడుముకుంటూ పోతున్నట్టుంది.

ఆయనకి రాశాడు. చాన్నాళ్లకి నిజమైన తప్పు.

జవాబొచ్చింది. "నిజమేనండీ. సరిచేయాలంటే సగం మళ్లీ రాయాలి, ఇప్పట్లో నా వల్ల కాదు. మొహమాటపడకుండా పెద్దదే పెట్టుకోండి. అన్నట్టు, జరగని గీతల్ని కూడా మీకోసం జరిపాను. తెలీక కాదు."

అతని చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లి "పెద్దదే" అన్నాడు. మేనేజరు తలెత్తకుండా "ఊఁ" అన్నాడు.

పెద్దది తగిలించాడు. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేకుండానే పనిచేసింది. అక్క బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది, ఆవిడ వెనకే మిగతావాళ్లూ. అప్పుడు చిన్నదానికి తప్పులు తెలిపే పేజీ మళ్లీ తెరిచాడు. తప్పేమిటో పైగడిలో రాయనిదే అది కిందికి పోనివ్వదు. కాసేపు ఆలోచించి "తప్పేమీ లేదు" అని కొట్టాడు. కింద, "పాపకి పళ్లొచ్చాయా అండీ?"

పంపేసి కదలకుండా కూర్చున్నాడు. మనిషి అలికిడి లేదనుకుని పైన దీపాలు వాటంతటవే ఆరిపోయాయి.